బడి చెంత నివాసము

మనుజుడు ఎచట వసింపవలెనను ప్రశ్నకు మన పెద్దలు చాలకాలము క్రిందటనే సమాధానము చెప్పి యుంచిరి. సుమతీ శతకములోని ప్రసిద్ధమైన పద్యమొకటి నివాసయోగ్యమైన గ్రామమునకు నాలుగు లక్షణములను నిర్ణయించినది: అవసరమునకు ధనము సర్దువాడు, రోగమును కుదుర్చువాడు, ఎండిపోని నది, విప్రుడు. ఇవి లేని ఊర కాలు నిలుపవలదని కవి హెచ్చరించినాడు. తెలుగునాట అక్షరాభ్యాసమైన ప్రతి బాలుడును ఈ పద్యమును వల్లించినవాడే. ఐనను, బడిపంతులు ఆ పట్టికలో లేడను సంగతి, బడిలోనే కూర్చుండి దానిని వల్లించునపుడు మనలో నెవ్వరికిని తోచలేదు. నాల్గవవాడే ఉపాధ్యాయుడని సమర్థింపవచ్చును. ఆయన చెప్పు చదువు ఊరిలోని పిల్లలందరికిని అందెడిదా యని అడిగినచో మాత్రము ఆ సమర్థనము నిలువదు.

నేడట్టి పద్యమును క్రొత్తగా వ్రాయబూనువాడు బడిని మొదటి పాదముననే నిలుపును. ఋణదాత బ్యాంకు రూపమున వీధివీధిని వెలసినాడు. నది గొట్టములోనుండి ఇంటికి వచ్చుచున్నది. వైద్యుని కొరకు గంటసేపు ప్రయాణము చేయవచ్చును. కాని ఏడేండ్ల పిల్లను ప్రతిదినము గంటసేపు బస్సులో కూర్చుండబెట్టి బడికి పంపుటకు తల్లి మనసొప్పదు. కావున పల్లెలోని రైతు పట్టణములో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసికొని, భార్యాబిడ్డల నచట నుంచి, తాను వారమునకొకమారు పోయివచ్చుచున్నాడు. పట్టణవాసి బడికిని ఇంటికిని గల దూరమును లెక్కించి పేట మార్చుచున్నాడు. విదేశములోని మనవాడు బడి హద్దును చూచి ఇల్లు కొనుచున్నాడు. వీరందరును బిడ్డల మేలు కోరిన గృహస్థులే. ఇందు తప్పేమున్నదని తోచుట సహజము. నాకును చిరకాలము అట్లే తోచినది.

ఈ విషయమును గూర్చి మరల ఆలోచించుటకు మా అబ్బాయి వ్రాసిన లేఖ కారణమైనది. అతడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్నాడు. ఇల్లు కొనదలచి రెండిండ్లను చూచినాడట. రెండును ఒకే రహదారికి ఇరుప్రక్కల నున్నవి. గదులు, పెరడు, వయస్సు అన్నియు ఇంచుమించుగా సమానమే. ఆ రహదారి మాత్రము రెండు బడుల మండలములకు హద్దు. తూర్పు ప్రక్క ఇంటి పిల్లలు ఒక బడికి, పడమటి ప్రక్క ఇంటి పిల్లలు వేరొక బడికి పోవలెను. తూర్పు ఇంటి ధర ఎక్కువ. "నాన్నగారూ, ఆ ఎక్కువ పెట్టి తూర్పు ఇల్లే కొనుటకు నిశ్చయించుకొంటిని. ఐనను మీ మాట వినవలెనని యున్నది" అని వ్రాసినాడు. వాని కూతురునకు ఆరేండ్లు.

నేను వెంటనే సరేయని వ్రాయవలసినవాడను. ఏలయనగా వాని ఏడవయేట నేను చేసినదియు నదియే. 1991వ సంవత్సరములో మేము కృష్ణా డెల్టాలోని మా గ్రామమును విడచి గుంటూరు చేరితిమి. ఊరిలో మండల పరిషత్తు వారి ప్రాథమిక పాఠశాల యుండెను. అందు ఇద్దరు ఉపాధ్యాయులు. నేను గ్రామ సహకార సంఘములో గుమాస్తాను. అర్జీ వ్రాయుట నాకు చేతనైన విద్య. ఉపాధ్యాయుని బదిలీ చేసి బదులు పంపకున్నను, పై కప్పు కారుచున్నను, బల్లలు రాకున్నను, నేను అర్జీ వ్రాసి, మండల కార్యాలయమునకు పోయి, అచటి గుమాస్తాకు నమస్కరించి, జవాబు వచ్చువరకు తిరుగుచుండెడివాడను. మా పిల్లలు ఆ బడిలో నుండుట చేతనే అంతటి శ్రద్ధ కలిగినదని ఒప్పుకొనక తప్పదు. మేము బండి కట్టుకొని బయలుదేరిననాడు ప్రధానోపాధ్యాయులు గేటు కడకు వచ్చిరి. వృద్ధులు; నన్నొక్క మాటయైన తప్పుపట్టలేదు. "బాబూ, పిల్లలు వృద్ధిలోనికి రావలెను, పోయి రండు. ఇక మన బడికి అర్జీలు వ్రాయువారెవరో చూచుకొనవలెను" అని మాత్రము అనిరి. ఆ మాటకు నేనపుడు నవ్వితిని.

పిల్లల చదువు కొరకు ఇల్లు మార్చుట ఈనాటి వింత కాదు. చీనా దేశములో మెన్షియస్ అను తత్త్వవేత్త క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్దిలో జన్మించెను. ఆయన తల్లి కథను ఆ దేశపు పిల్లలకు నేటికిని చెప్పుదురు. విధవరాలైన ఆమె శ్మశానము ప్రక్క కాపురముండగా బాలుడు పాతిపెట్టుటయు ఏడ్చుటయు ఆటగా ఆడజొచ్చెను. అంగడి చేరువకు మారగా బేరములాడుటను అనుకరింపసాగెను. మూడవమారు పాఠశాల దగ్గర ఇల్లు చూచుకొనగా, అచటి మర్యాదలను, వినయమును అభినయించెను. అప్పుడామె, ఇదియే నా బిడ్డ నివసింపదగిన తావు అనెనట. ఈ కథను ఇండ్ల వర్తకులు నేడు తమకు అనుకూలముగా చెప్పుకొనవచ్చును. ఆ దేశపు నగరములలో బడి మండలములోని ఇండ్లకు ప్రత్యేకముగ ఒక పేరే ఏర్పడినది, వాని వెలయు ఆకాశమునంటినది. కాని కథలో రెండవ భాగమున్నది. బాలుడొకనాడు చదువు నిర్లక్ష్యము చేసి ఇంటికి రాగా, తల్లి మగ్గముమీది నేతను నడుమకు కోసివైచి, చదువును నడుమ విడచుట ఇట్టిదని చూపెను. పాఠశాల చెంతకు చేరినంతనే తన పని ముగిసినదని ఆమె తలపలేదు.

మన ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతువు వృత్తాంతమును ఇచటనే తలచుకొనవచ్చును. పండ్రెండవయేట గురుకులమునకు పోయి, ఇరువదినాల్గవయేట సర్వవేదములు చదివి తిరిగివచ్చిన ఆ యువకునిలో విద్యతో పాటు అహంకారమును ప్రవేశించెను. తండ్రి ఉద్దాలకుడు దానిని గుర్తించి, అసలైన ప్రశ్నను ఇంటివద్దనే వేసి, మఱ్ఱిపండునుండియు ఉప్పునీటినుండియు మొదలుపెట్టి తానే బోధించెను. దూరపు గురుకులము ఇయ్యలేని దొకటి ఇంటి గడపలో దొరకినది.

మన యాంధ్రదేశములో మెన్షియస్ తల్లికి చెల్లెలనదగిన తల్లి యొకతె గలదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిరి. పదునొకండవయేట తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు నడిపి, బిడ్డలను చదివించుకొనిరి. ఆ రోజులలో ఆ వృత్తిని చిన్నచూపు చూచెడివారు. ఆమె బడి చెంత స్థలమును ధనముతో కొనలేదు. ఊరివారికిని బాటసారులకును అన్నము వండి సంపాదించుకొనెను. ఆ పిమ్మట బాలుని తెలివి గమనించిన ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ప్రకాశమును తనవెంట రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి చదివించిరి. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైన వాని జీవితములో ఈ రెండు ప్రయాణములును ఉన్నవి. మొదటిది తల్లి పొయ్యివద్ద పొందిన చెమట. రెండవది ఒక పరాయి గృహస్థుని ఔదార్యము.

ఇక మా అబ్బాయి చూచిన రెండిండ్ల సంగతి. 1999లో సాండ్రా బ్లాక్ అను ఆర్థికశాస్త్రవేత్త అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు శివారు పట్టణములలో సరిగా ఇట్టి ఇండ్లనే పరిశీలించెను. ఒకే పట్టణము, ఒకే పన్ను, ఒకే వీధి. ప్రాథమిక పాఠశాలల హద్దుగీత మాత్రము నడుమ పోవుచుండును. గీతకు ఇరుప్రక్కల ఇండ్ల ధరలను పోల్చి, పరీక్షాఫలితములు నూటికి 5 వంతులు మెరుగైన బడికి చేరు ఇంటికై తల్లిదండ్రులు నూటికి 2.5 వంతులు అధికముగా నిచ్చుటకు సిద్ధపడుచున్నారని లెక్క తేల్చెను. అక్కడ ఇండ్లమ్ము వెబ్‌సైటులలో ఇంటి ధర ప్రక్కనే బడికి పదింటికెన్ని మార్కులో ముద్రించియుందురు. న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సాస్‌లోని ఫ్రిస్కో వంటి ఊళ్ళలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు వంటిల్లు చూచుటకు ముందే ఆ మార్కులు చూతురని మా అబ్బాయియే చెప్పినాడు.

ఆ పది మార్కులు దేనికి? ఇచట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. మంచి ఉపాధ్యాయుడు మంచివాడే. అతని నైపుణ్యము నిజమైనది, దానిని తక్కువ చేయరాదు. కాని మార్కులలో అధికభాగము పిల్లల పరీక్షాఫలితములనుండి వచ్చునది. ఆ ఫలితములలో ఇంటివద్ద పుస్తకము తెరచి కూర్చుండబెట్టు తల్లి యున్నది, సాయంకాలము లెక్కలు చెప్పు తండ్రి యున్నాడు, కడుపునిండిన భోజనమున్నది, ఉపాధ్యాయుడు రానినాడు కార్యాలయమునకు పోయి అడుగు నోరున్నది. మంచి బడికై ఇల్లు మార్చువాడు చాలవరకు తనవంటివారి చెంతకే పోవుచున్నాడు. వాడు పోయిన చోట బడి మరియొక మెట్టు ఎక్కును. విడచిన చోట ఒక మెట్టు దిగును. లోకములో మంచి బడుల మొత్తము పెరుగలేదు. ఒక చోటినుండి మరియొక చోటికి మోయబడినది. నేను గుంటూరు చేరినపుడు అచటి బడికి అదనముగా ఒక అర్జీ వ్రాయువాడు లభించెను. వారికి నా అవసరము లేదు. అట్టివారు అచట నూర్గురుండిరి.

గీత దాటిన వారికి సుఖము; దాటలేనివారి మాటయేమి? అదే టెక్సాస్ రాష్ట్రములోని శాన్ ఆంటోనియో నగరములో ఎడ్జ్‌వుడ్ అను పేద ప్రాంతమున్నది. అచటి ఇండ్ల విలువ స్వల్పము. ఆ దేశమున బడి ఖర్చులో పెద్దపాలు స్థానిక ఆస్తిపన్నునుండి రావలసినది. 1967–68లో అచట విద్యార్థి కొక్కరికి 356 డాలర్లు దొరకగా, అదే నగరములోని సంపన్నమైన ఆలమో హైట్స్ ప్రాంతములో 594 డాలర్లు లభించినవి. తల్లిదండ్రులు న్యాయస్థానమునకెక్కిరి. 1973లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము, తమ రాజ్యాంగమున విద్య ప్రాథమిక హక్కు కాదని, ఐదుగురు ఒక ప్రక్క, నలుగురు ఒక ప్రక్కగా తీర్పిచ్చినది. 2011లో ఒహాయో రాష్ట్రమున ఒక తల్లి తన కుమార్తెలిద్దరిని మేలైన బడిలో చేర్చుటకై తన తండ్రి ఇంటి చిరునామా వ్రాసినందుకు కొన్ని దినములు చెరసాలలో నుండవలసి వచ్చెను. ధనమున్నవాడు గీతను కొనును. లేనివాడు గీత దాటినచో నేరస్థుడగును. గీత యొక్కటియే.

మన దేశములో ఇట్టి గీతలు లేవని సంతోషింపవచ్చునా? ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము కక్షిగా నుండగా, 1993లో మన సర్వోన్నత న్యాయస్థానము పదునాలుగేండ్ల వరకు విద్య ప్రాథమిక హక్కని ప్రకటించెను. 2002లో రాజ్యాంగమున ఆ హక్కు చేర్చబడినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి కేంద్రము రూపొందించిన మాదిరి నియమములలో, ఐదవ తరగతి వరకు ఒక కిలోమీటరు లోపల, ఎనిమిదవ తరగతి వరకు మూడు కిలోమీటర్ల లోపల బడి యుండవలెనని గలదు. ధర్మము ఉత్తమమైనది. కాని బడి యుండుట వేరు; ఆ బడిలో ఊరి పెద్దల బిడ్డ లుండుట వేరు. ప్రథమ్ సంస్థవారి అసర్ నివేదికల ప్రకారము గ్రామసీమలలో ప్రైవేటు బడులకు పోవు పిల్లలు 2006లో నూటికి 18.7, 2014 నాటికి 30.8. 2022లో ఆ సంఖ్య 25.1కి దిగినది, కరువు కాలములోను, మహమ్మారి కాలములోను ఇంటి ఆదాయము తరిగినపుడు మాత్రమే మన మధ్యతరగతి ప్రభుత్వపు బడిని మరల తలచుకొనును గాబోలు.

దూరమును ధర్మముగా మార్చుటకు ఢిల్లీ నగరములో ఒక ప్రయత్నము జరిగినది. 2013 డిసెంబరులో అచటి పరిపాలకులు శిశుతరగతుల ప్రవేశమునకు నూరు పాయింట్లలో 70 పాయింట్లు, బడికి ఎనిమిది కిలోమీటర్ల లోపల నివసించువారి కియ్యవలెనని నిర్ణయించిరి. అంతట పేరుగల బడుల చుట్టును ఇండ్ల కొరకు వెదకులాట ప్రబలెను. నివాసము లేకయే అద్దె ఒప్పందములు సృష్టించువారును బయలుదేరిరి. తల్లిదండ్రుల ఎన్నికయు పాఠశాలల స్వేచ్ఛయు భంగపడుచున్నవని 2014 నవంబరులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేసెను. చట్టపు వాదమెట్లున్నను, నా మనసున నిలిచినది ఆ కల్పిత ఒప్పందపత్రమే. మూడేండ్ల శిశువు 'అ' అను అక్షరమైనను దిద్దుటకు ముందే, ఆ శిశువు పేర ఒక అసత్యము నమోదగుచున్నది. వ్రాసిన తండ్రి దుష్టుడు కాడు. బిడ్డపై ప్రేమచేతనే వ్రాసినాడు. ఒహాయోలోని తల్లియు నట్టిదే. ప్రేమను అసత్యమునకు దింపు ఏర్పాటును మనమెల్లరము కలిసి నిర్మించితిమి.

ఈ చిక్కును ముందుగా చూచిన మహనీయులు లేకపోలేదు. డాక్టరు దౌలత్‌సింగ్ కొఠారీ అధ్యక్షతన 1964లో నియమింపబడి 1966లో నివేదిక సమర్పించిన విద్యాసంఘమువారు 'పొరుగు బడి' అను భావమును ప్రతిపాదించిరి. ప్రతి బడియు తన చుట్టుప్రక్కల నివసించు పిల్లలందరిని, కులమత ధనభేదములు లేక, చేర్చుకొనవలెను. ప్రాథమిక దశనుండి ఆరంభించి ఇరువది యేండ్లలో ఈ లక్ష్యమును చేరవలెను అనిరి. వారు చూపిన కారణములు రెండు. సంపన్నుల బిడ్డలును అదే బడిలో నుండినచో, పలుకుబడి గలవారే ఆ బడిని బాగుచేయుటకు పూనుకొందురు. ఇది లోకజ్ఞానము. రెండవది ఇంకను లోతైనది: వేరుచేసి పెంచిన సంపన్నుల బిడ్డలు పేదల బ్రతుకు నెరుగక పెరుగుదురు గనుక, వారికి దొరకు విద్యయే అసంపూర్ణమై, సత్తువ లేనిదగును. అనగా నష్టము విడువబడిన పిల్లకు మాత్రమే కాదు, తీసికొనిపోబడిన పిల్లకును గలదు. ఇరువది యేండ్లు మూడుమారులు గడచుటకు వచ్చినవి; పొరుగు బడి కాగితముపై నిలిచియున్నది.

2015 ఆగస్టులో అలహాబాదు ఉన్నత న్యాయస్థానము ఇంకొక త్రోవ పట్టినది. ఉత్తరప్రదేశములో ప్రభుత్వ ధనమునుండి జీతము గ్రహించు అధికారులు, ప్రజాప్రతినిధులు, న్యాయాధికారులు తమ బిడ్డలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోనే చేర్పింపవలెనని ఆజ్ఞాపించెను. ఆ యుత్తరువు అమలునకు నోచుకొనలేదు. నిర్బంధముచేత ధర్మము నాటుకొనదని కొందరు సంతోషించిరి. వారి సంతోషములో నాకు భాగము లేదు; అట్లని ఆజ్ఞచేతనే ఇది జరుగునను నమ్మకమును లేదు. పొరుగు వీధి వరకైనను నడువని మనసును ఏ చట్టము నడిపింపగలదు?

"సిద్ధాంతము కొరకు నా బిడ్డను బలియిమ్మందురా?" అని పాఠకుడడుగును. అనను. తండ్రికి తన బిడ్డ యెడల గల ధర్మము మొదటిది. దానిని మరచి లోకసేవ చేయబోవువాడు రెంటికిని చెడును. మరియు ఊరు విడచువారందరును ఒకే కారణమున విడచుట లేదు. ఊరి బడిలో వెనుక వరుసలో వేరుగా కూర్చుండబెట్టబడిన బాలునకు పట్టణము విమోచనము. 1948 నవంబరులో రాజ్యాంగ పరిషత్తున అంబేడ్కర్ మహాశయుడు గ్రామమును ఆదర్శముగా కొనియాడుటను అంత తీవ్రముగా ఏల ఖండించెనో, దానిని అనుభవించినవారికి తెలియును. అట్టివాని ప్రయాణమును తప్పుపట్టుటకు నావంటి గుమాస్తాకు అధికారము లేదు. 1971లో సర్వేలులోను, 1972లో తాడికొండ, కొడిగెనహళ్ళిలోను ప్రభుత్వమువారు నెలకొల్పిన గురుకుల పాఠశాలలు ఇండ్లు మార్చుటకు స్తోమత లేని పల్లె పిల్లలకు ద్వారము తెరచినవి. అచట కుటుంబము కదలనక్కరలేదు, బాలుడే కదలును. ఐతే అవియు పోటీ పరీక్షలో నెగ్గిన తెలివిగల పిల్లను ఊరి బడినుండి ఏరి తీసికొనునవే యని కూడ చెప్పుకొనవలెను.

కావున ప్రశ్న పోవచ్చునా, పోరాదా అన్నది కాదు. పోయినవాడు ఏమి బాకీపడినాడు అన్నది. మన శాస్త్రములు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడింటిని సామాన్యముగా చెప్పును. శతపథ బ్రాహ్మణము నాల్గవదానిని, మనుష్యఋణమును కూడ చెప్పినది. తోటివారికి ఆశ్రయమును అన్నమును ఇచ్చుట దానికి తీరుబడి. మన తాతల కాలమున ఈ ఋణము తీర్చు ఆచారమొకటి తెలుగునాట గలదు. చదువుకొరకు పట్టణమునకు వచ్చిన పేదబాలుడు వారాలు చేసికొని చదువుకొనెడివాడు. సోమవారము ఒక ఇంట, మంగళవారము వేరొక ఇంట విస్తరి వేసెడివారు. అందు లోపములు లేకపోలేదు. అన్ని కులముల బాలురకును ఆ విస్తరి దొరకలేదు. దొరకినవాడును ఎన్నో యిండ్లలో చిన్నబుచ్చుకొని తినెను. ఐనను బడి చెంత ఇల్లుండుట ఆనాటి గృహస్థునకు ఒక బాధ్యతను తెచ్చెడిది. బడికి దూరముగా పుట్టినవాడు తన గడప ఎక్కునని అతడెరుగును. నేడు బడి చెంత ఇల్లుండుట ఇంటి వెలను మాత్రము పెంచుచున్నది.

గడచిన సంక్రాంతికి నేను మా ఊరు పోయితిని. బడి యున్నది. గోడలు క్రొత్త రంగులో మెరయుచున్నవి. కుళాయి, మరుగుదొడ్లు, ఆకుపచ్చ నల్లబల్ల, మా కాలమున లేని సౌకర్యములెన్నో ఉన్నవి. పిల్లలు పదునొకండుగురు, ఉపాధ్యాయిని ఒకతె. ఆమె మంచి పనివంతురాలు. ఐదు తరగతులను ఒక్కతెయే చూచుకొనుచు, శలవు పెట్టిననాడు బడి మూతపడునని శలవే పెట్టుటలేదట. చట్టము ప్రకారము బడికి యాజమాన్య సంఘమున్నది. అందు నాలుగింట మూడు వంతులు ఆ బడి పిల్లల తల్లిదండ్రులే యుండవలెను. నేనా తల్లులలో నొకామెతో మాటలాడితిని. రెండవ ఉపాధ్యాయుని కొరకు అర్జీ యేల పెట్టలేదని అడిగితిని. "మాకు తెలియక కాదండి. మండలానికి పోవలెనన్న ఆనాటి కూలి పోవును. ఒకమారు పోతిమి, మరల రమ్మనిరి" అని ఆమె చెప్పినది. మరల రమ్మనిరి అను మాట నాకు సుపరిచితమైనది. నేనును ఆ మాట ఎన్నియోమారులు విని, మరల పోయినవాడనే. నాకప్పుడు కూలి పోలేదు. సంఘమునుండి జీతము వచ్చుచునే యుండెను.

ముప్పదియేండ్లకు పైగా ఆ గేటు వైపు నేను పోలేదు. పొలము కౌలుకిచ్చుటకు ఏటేట పోయితిని. దేవాలయమునకు గాలిగోపురము కట్టినపుడు చందా యిచ్చితిని, నా పేరు రాతిపై చెక్కిరి. బడి మాట ఎవ్వరును అడుగలేదు, నేనును తలపెట్టలేదు. ప్రధానోపాధ్యాయులు ఎప్పుడు కాలము చేసిరో ఆ తల్లి చెప్పగా వింటిని.

ఆ సాయంకాలము అరుగుమీద కూర్చుండి అర్జీ వ్రాసితిని. చేయి వణకినను అక్షరములు పూర్వమువలెనే వచ్చినవి. సంఘములోని తల్లులు ఏడుగురు సంతకములు చేసిరి. ఇద్దరు వ్రేలిముద్ర వేయబోవగా ఒకామె కూతురు, నాల్గవ తరగతి పిల్ల, వారి చేయి పట్టి పేరు వ్రాయించినది. మండల కార్యాలయమునకు నేనే పోతిని. మరల రమ్మనిరి. రెండు మారులు పోయివచ్చితిని. ఈ నెలలో మూడవమారు పోవలసియున్నది. గుంటూరునుండి ఉదయము ఆరున్నరకు బస్సు గలదు.

మా అబ్బాయికి నిన్న జవాబు వ్రాసితిని. తూర్పు ఇల్లు కొనుమనియే వ్రాసితిని. ఆరేండ్ల పిల్లపై సిద్ధాంతమును ప్రయోగించు హక్కు తాతకు లేదు. ఐతే ఇల్లు కొనుటకు ముందు రహదారి దాటి పడమటి బడికి ఒకమారు పొమ్మంటిని. అచటి ప్రధానోపాధ్యాయుని పేరు తెలిసికొని, ఆ బడిలో సాయంకాలము లెక్కలు చెప్పుటకు వెలుపలివారిని రానిత్తురేమో అడిగి, వారేమనిరో నాకు వ్రాయుమంటిని. వాడు లెక్కలలో దిట్ట. ఐదవయేట వానికి కూడిక నేర్పినది ఆ వృద్ధ ప్రధానోపాధ్యాయులే, చింతగింజలతో. ఆ సంగతి వానికి జ్ఞాపకమున్నదో లేదో యని దానిని కూడ చేర్చి వ్రాసితిని.